ఆదివారం గడిలో గొడుగు

నాకు అక్షరాలు వచ్చింది యాభై మూడో ఏట. అంతకు ముందు కాగితం మీద ఏముందో ఎవరో ఒకరు చదివి చెబితేనే తెలిసేది. చదివేవాడు అక్కడ ఉన్నదే చదువుతున్నాడా, తనకు కావలసింది చదువుతున్నాడా అని వాడి మొహం చూస్తూ కూర్చునేదాన్ని. చదువు రానివాళ్ళకు మనుషుల మొహాలు చదవడం వస్తుందంటారు. వస్తుంది. దాంతోపాటు అనుమానమూ వస్తుంది. అక్షరాలు వచ్చాక కూడా అది నన్ను వదల్లేదు.

అసలు నేను పలక పట్టిందే మా ఆయన మీద అనుమానంతో. మాది చేనేత ఇల్లు. మగ్గం ఎక్కించే ముందు పడుగును, అంటే చీర పొడుగునా ఉండే దారాలన్నిటినీ, వీధి పొడుగునా లాగి కట్టి గంజి పట్టించాలి. తెల్లవారుతూనే మొదలుపెట్టాలి, నలుగురు మనుషులు కావాలి, ఆకాశం అనుకూలించాలి. సగం గంజి పట్టాక వాన పడిందా, దారాలన్నీ ముద్దయి ఊరుకుంటాయి. అలాంటి పనికి పొద్దున్నే లెమ్మంటే మా ఆయన కళ్ళు నులుముకుంటూ గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, "ఇవాళ పడుగు వెయ్యకూడదని రాసుందే" అనేవాడు. నెలకు రెండు మూడుసార్లు అలా రాసి ఉండేది. ఊళ్ళో వయోజనుల బడి పెట్టినప్పుడు వెళ్ళాను. ఏడాది తిరిగాక ఒక పొద్దున ఆయన క్యాలెండరు చదువుతుంటే వెనకాలే నిలబడి, ఆ గడి మీద వేలు పెట్టి, "పడుగు అన్న మాట ఎక్కడుందో చూపించండి" అన్నాను. ఆ గడిలో ఉన్నది సంకటహర చతుర్థి. ఆయన పగలబడి నవ్వాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. నేను మాత్రం ఆ మాటకు ఇప్పటికీ నవ్వలేదు.

ఇంత చెప్పింది ఎందుకంటే, బడికి కొత్తగా వచ్చిన పంతులమ్మ మా అరుగు మీద కూర్చుని, "మామ్మగారూ, మీరు మా పిల్లలకు వానల గురించీ ఎండల గురించీ కథలు చెప్పాలండీ" అన్నప్పుడు నాకు ఏమనిపించి ఉంటుందో మీకు తెలియాలని. ఆమెకు ముప్పై లోపే ఉంటాయి. రోజూ బెజవాడ నుంచి గంటన్నర బస్సులో వచ్చి ఒకటి, రెండు తరగతులకు కలిపి పాఠం చెబుతుంది. ఊరికి కొత్త. నేనెవరో ఆమెకు తెలియదు. ఏమీ ఆశించకుండా ఒక మనిషి ఇంకొక మనిషి అరుగు మీద కూర్చోవడం నా అరవై ఎనిమిదేళ్ళలో నేను చూడలేదు.

"నేనే ఎందుకు?" అన్నాను.

"వానొస్తుందో రాదో మీరు చెబితే ఈ వీధిలో తిరుగు లేదటగా. అందరూ మీ పేరే చెప్పారండీ."

"అందరూ అంటే ఎవరు?"

ఆమె నవ్వి నా కోడలి వైపు చూసింది. నా కోడలు వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇద్దరూ కలిసి ఏదో చేశారని నాకు అర్థమైంది. ఇంట్లో నా నోరు ఒక గంట తగ్గితే చాలుననుకుని ఉంటుంది నా కోడలు.

అయినా ఒప్పుకున్నాను. ఎందుకు పిలిచారో తెలుసుకోవాలంటే వెళ్ళి చూడటం ఒక్కటే దారి. ప్రతి సోమవారం నా కథల రోజని పెట్టారు. మొదటి సోమవారమే, నేను కుర్చీలో కూర్చుని నోరు తెరిచీ తెరవక ముందే, ఆమె ఫోను తీసి టకటకా ఫొటోలు కొట్టింది. అదుగో, అనుకున్నాను.

"ఆ ఫొటో ఏం చేస్తావు?"

"ఆఫీసుకు పంపాలండీ మామ్మగారూ. పిల్లలతో ఏం చేయించామో రోజూ చూపించాలి."

"ఫొటో కింద ఏం రాశావు? చదువు."

"నేను చదివితే మీరు నమ్మరు. మీరే చదవండి" అని ఫోను నా చేతికిచ్చింది. మొహాలు చదవడం ఆమెకూ కొంచెం వచ్చునన్నమాట. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. 'ఊరి పెద్దలతో వాతావరణ కథలు' అని ఉంది.

"పెద్దలు అని రాశావేం? వచ్చింది నేనొక్కదాన్నేగా?"

"గౌరవమండీ."

గౌరవమో, లెక్క పెంచడమో, నేను ఎటూ తేల్చుకోలేదు.

పాఠం మాత్రం బాగానే చెప్పేది. ఆ మాట ఒప్పుకోవాలి. గోడకు ఒక అట్ట కొట్టింది. అందులో వారానికి ఏడు గళ్ళు. సూర్యుడు, మబ్బు, ఊగే కొబ్బరిచెట్టు, గొడుగు, ఇలా బొమ్మలు కత్తిరించి డబ్బాలో పెట్టింది. ప్రతి పొద్దునా ఒక పిల్లో పిల్లాడో బయటికి వెళ్ళి ఆకాశం చూసి వచ్చి, ఆ రోజు గడిలో ఏ బొమ్మ అంటించాలో చెప్పాలి. వారానికొకరు ఆ పదవిలో ఉంటారు. పదవి పేరు వాన మంత్రి. పిల్లలందరి కన్నూ గొడుగు బొమ్మ మీదే, ఎందుకంటే దానికి తళుకు పొడి అద్ది ఉంది. తన వారంలో ఒక్క గొడుగైనా అంటించకుండా పదవి దిగిపోయిన మంత్రి ఏడ్చిన రోజులున్నాయి.

ఇంకొకటి వాన సీసా. కూల్‌డ్రింకు సీసా పై భాగం కోసి, దాన్ని తలకిందులు చేసి గరాటులా అందులోనే పెట్టి, పక్కన నల్లగా గీతలు గీసి, బడి ఆవరణలో నాలుగు ఇటుకల మధ్య నిలబెట్టారు. వాన పడితే ఎన్ని గీతల దాకా నీళ్ళొచ్చాయో వాన మంత్రి చూసి పుస్తకంలో రాయాలి.

నేను నాకు తెలిసినవే చెప్పాను. నాకు తెలిసినవి కార్తెలు. వాటిని ఒక ఇంటి ఆడవాళ్ళను చేశాను. రోహిణి అత్తగారు. ఆవిడకు కోపమొస్తే రోళ్ళు పగులుతాయి. మృగశిర కొత్త కోడలు, వచ్చీ రాగానే ముంగిళ్ళు చల్లబరుస్తుంది. అలా ఒక్కొక్కరినీ తీసుకొస్తూ చివరికి చిత్తను తీసుకొచ్చాను. చిత్త ఆ ఇంటి గారాల కూతురు. చెంబు పట్టుకుని కళ్ళాపి చల్లమంటే తనకు నచ్చిన వాకిట్లోనే చల్లుతుంది, పక్క వాకిలి ఎండిపోయినా చూడదు. చిత్త చినుకు తన ఇష్టమున్న చోట పడుతుందని మా పెద్దవాళ్ళ సామెత. పిల్లలు ఆ కూతుర్ని చూసినట్టే నవ్వారు. "మరి వాళ్ళమ్మ కొట్టదా మామ్మా?" అని ఒకడు అడిగాడు. "కొట్టదు. అందుకే అలా తయారైంది" అన్నాను.

దసరా సెలవులయ్యాక, నిజంగానే చిత్త కార్తె నడుస్తున్నప్పుడు, పదవి ఒక ఆడపిల్లకు వచ్చింది. రెండో తరగతి. రెండు జడలు, అరిగిన చెప్పులు. వాళ్ళది మైలవరం వైపు. తల్లి రొయ్యల షెడ్డులో పనికి కుదిరి, ఆ ఏడాదే ఇక్కడికి వచ్చారు. కాలువ కట్ట మీద, బడి గేటుకు ఎదురుగా ఒక రేకుల గదిలో ఉంటారు. తరగతిలో మిగతా పిల్లలంతా మా నేతపని వీధులవాళ్ళు. ఆ వీధులన్నీ ఊరికి పడమటి కొసన, బడీ కాలువా తూర్పు కొసన. మధ్యలో అరమైలు దూరం. ఈ అరమైలు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

ఆ వారమంతా ఎండలే. సోమవారం నుంచి శనివారం దాకా ఆ పిల్ల ఆరు సూర్యుళ్ళను అంటించింది.

ఆదివారం పొద్దున మేము పడుగు వేశాము. నేను, నా కొడుకు, కోడలు, ఇరుగుపొరుగు నలుగురు. కుంచెలతో గంజి పట్టిస్తున్నాము. తొమ్మిది గంటలప్పుడు తూర్పున, కాలువ మీదుగా, నల్లటి మబ్బు ఒకటి లేచింది.

"అమ్మా, అటు చూడు. ఎత్తేద్దామా?" అన్నాడు నా కొడుకు.

"సగం గంజి పట్టాక ఎత్తేస్తే ఆ పడుగును దేనికి వాడతావురా? తాడు పేనుకుంటావా? గాలి మన వైపు నుంచి అటు కొడుతోంది. అది కురిసే మబ్బు కాదు, చూసిపోయే మబ్బు."

"ఫోనులో కూడా వానని చూపిస్తోందమ్మా."

"బెజవాడలో కూర్చున్న ఫోనుకు మన వీధి సంగతి ఏం తెలుసు? నువ్వు కుంచె ఆపకు."

వాడు ఆపలేదు. పావుగంటకు మబ్బు విడిపోయింది, ఎండ వచ్చింది, మా వీధిలో ఒక్క చినుకు పడలేదు. ఇరుగుపొరుగు నలుగురూ కాఫీ తాగుతూ, "పిన్ని మాటంటే మాటే" అన్నారు. ఆ మాట నాకు కాఫీ కంటే వేడిగా, తియ్యగా దిగింది. ఇది కూడా దాచకుండా చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదానికి మూలం ఇక్కడే ఉంది.

సోమవారం నేను బడికి వెళ్ళేసరికి లోపల గోల. ఆదివారం బడి ఉండదు కాబట్టి ఆ గడి ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. అలాంటి ఆదివారం గడిలో గొడుగు మెరుస్తోంది. మా వీధి పిల్లలు అట్ట ముందు నిలబడి, "అబద్ధాలకోరు! అబద్ధాలకోరు!" అని చప్పట్లు చరుస్తున్నారు. ఆ పిల్ల అట్టకు వీపు ఆనించి నిలబడి ఉంది, ఎవరూ గొడుగు పీకేయకుండా.

"ఆదివారం గడి మనం నింపం కదమ్మా?" అని పంతులమ్మ అడుగుతోంది.

"ఆదివారం వాతావరణం ఉండదా టీచర్?" అంది ఆ పిల్ల.

పంతులమ్మ గుమ్మం వైపు తిరిగింది. నన్ను చూడగానే ఊపిరి పీల్చుకుంది. "మామ్మగారూ, నిన్న నేను బెజవాడలో ఉన్నాను. ఇక్కడ వాన పడిందా అండీ? ఈ అమ్మాయి గేటు సందులోంచి లోపలికి దూరి సీసా చూసిందట. రెండు గీతలు నీళ్ళున్నాయట. ఇప్పుడు నేను చూసినా ఉన్నాయి."

"నిన్నంతా మా పడుగు వీధిలోనే ఉంది. ఒక్క చినుకు పడలేదు" అన్నాను.

మబ్బు సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెబితే ఆ మబ్బు కురిసినట్టవుతుంది. అది కురిసి ఉంటే, కురవదని నేను అన్నమాట అరమైలు దూరంలో అదృష్టం కొద్దీ నిలబడినట్టవుతుంది. నా మాట మాటే అని నలుగురూ అని ఇంకా ఒక్క రోజు కూడా కాలేదు.

"మా ఇంటి దగ్గర పడింది మామ్మా! మా రేకుల మీద టపటపమని పడింది" అంది ఆ పిల్ల.

"మీ అమ్మ చూసిందా?"

"అమ్మ షెడ్డుకెళ్ళింది."

"ఇంకెవరు చూశారు?"

"నేను చూశా. మీరే చెప్పారుగా మామ్మా, చిత్త తనకు నచ్చిన వాకిట్లోనే చల్లుద్దని?"

"కథ కథే. వాన వానే" అన్నాను. ఇప్పుడు రాస్తుంటే ఈ మాట దగ్గర చెయ్యి ఆగుతోంది.

ఆవరణలోకి వెళ్ళి సీసా పట్టుకున్నాను. నీళ్ళున్నాయి. నేల మాత్రం పొడిగా ఉంది. ఇసుక నేల, ఒక రోజు ఎండ, తడి ఎక్కడ మిగులుతుంది అని ఆలోచించలేదు. ఇటుకల పక్కన గోడ కింది కన్నం దగ్గర్నుంచి నేల మీద ఎర్రగా ఒక చార ఎండిపోయి ఉంది. పిల్లలు రంగులు ఒలకబోసుకున్నారు కాబోలు అనుకుని దాటేశాను. సీసాలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. మా ఊరి బోరు నీళ్ళు ఉప్పన. బడి కుళాయి కూడా అదే. సీసా నీళ్ళు చప్పగా ఉన్నాయి. ఇంకొకరైతే వాననీళ్ళే అని ఒప్పుకునేవారు. నాకు తట్టింది వేరే. "ఎవరో తాగే క్యాన్ నీళ్ళు పోశారు" అన్నాను.

ముందు పంతులమ్మనే అడిగాను, చెవిలో. "ఫొటో కోసం నువ్వు పోశావా, అమ్మాయ్?"

"అయ్యో మామ్మగారూ! అంత పని చేస్తానా?"

ఆమె మొహం చదివాను. అందులో అబద్ధం లేదు. ఇక మిగిలింది ఆ పిల్ల. వారమంతా ఎండ, గొడుగు మీద ఆశ, గేటుకు ఎదురుగా ఇల్లు, అడిగేవాళ్ళు లేని ఆదివారం. పైగా మెట్ట ప్రాంతం నుంచి వచ్చిన పిల్ల, మా డెల్టా వాన గురించి దీనికేం తెలుసు? అన్నీ కుదిరాయి. ఇన్ని కుదిరాక ఆ పిల్ల మొహం చదవాలని కూడా నాకు తోచలేదు.

"చూడమ్మాయ్, నువ్వు పోస్తే పోశానని చెప్పు. ఎవరూ కొట్టరు."

ఆ పిల్ల ఏడవలేదు. గదిలోకి, అట్ట దగ్గరికి వెళ్ళింది. తర్వాత గోరుతో గొడుగు అంచు లేపి, చిరగకుండా జాగ్రత్తగా ఊడదీసి, డబ్బాలో పెట్టింది. డబ్బాలోంచి సూర్యుణ్ణి తీసి ఆదివారం గడిలో అంటించింది. వెళ్ళి తన చోట కూర్చుంది. నేను ఆ రోజు కథ చెప్పాను. ఏ కథో గుర్తు లేదు.

పదవి ఇంకా ఆ పిల్లదే. ఆదివారం గడి గొడవలో కొత్త మంత్రిని వేయడం మరిచిపోయారు. మంగళవారం నేను మిగులు దారపు పోగులు ఇవ్వడానికి బడికి వెళ్ళాను, గాలి ఎటు వీస్తుందో చూడటానికి కర్రకు కడతామన్నారు. పంతులమ్మ, "వాన మంత్రీ, ఇవాళ ఆకాశం ఎలా ఉంది?" అంది. ఆ పిల్ల గుమ్మం దాకా వెళ్ళింది. తల పైకెత్తలేదు. వెనక్కి తిరిగి మా వీధి పిల్లల మొహాలు ఒక్కొక్కటే చూసింది. చివరికి నన్ను చూసింది.

"మీరు ఏదంటే అదే మామ్మా" అంది.

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. ఆ చూపు నాకు తెలుసు. కాగితం ఎదురుగా పెట్టుకుని, అది వదిలేసి చదివేవాడి మొహం చూస్తూ నలభై ఏళ్ళు కూర్చున్నదాన్ని, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆకాశం తల మీద ఉంది. ఆ పిల్లకు కళ్ళున్నాయి. అయినా నా మొహం చదువుతోంది.

అప్పటికీ నేను నా మాట మీదే ఉన్నాను. తప్పు చేసిన పిల్లకు ఆ మాత్రం భయం ఉండాలని నాకు నేనే చెప్పుకున్నాను.

బుధవారం అంచు దారాల కోసం రంగులవాడి దగ్గరికి వెళ్ళాను. నా కంటే చిన్నవాడు, వరసకు నన్ను పిన్నీ అంటాడు. అతని రంగుల కొట్టు కాలువ పక్కనే, బడి గోడకు వెనక. నూలు చిలపలు, అంటే దారపు కట్టలు, ఎర్రగా అద్ది ఇమ్మని కిందటి వారమే ఇచ్చి ఉన్నాను. తెచ్చి నా ముందు పెడితే, చిలపల నిండా పాలిపోయిన మచ్చలు.

"ఇదేంట్రా, దీనికి అమ్మవారు పోసిందా?"

"ఆదివారం వాన పిన్నీ. అప్పుడే ముంచి దండేల మీద వేశా. ఎత్తేలోపలే కొట్టేసింది. మళ్ళీ అద్ది ఇస్తాలే, కోప్పడకు."

చిలపను వెలుతురుకు పట్టి మచ్చలు మళ్ళీ చూశాను. అయినా నా నోరు ఊరుకోలేదు. "నీకూ వానేనా? రంగు చెడగొట్టుకుని వాన మీదికి నెడుతున్నావా? ఆ కట్ట మీది పిల్ల నీకు నేర్పిందా, నువ్వు దానికి నేర్పావా?"

"ఏ పిల్ల?" అన్నాడు వాడు. ఏ పిల్లో వాడికి నిజంగా తెలియదు. "ఇటు రా పిన్నీ, నీకు చెబితే చాలదు, చూపించాలి" అని పెరట్లోకి తీసుకెళ్ళాడు.

దండేల కింద నేలంతా ఎరుపు. ఆ ఎర్రనీళ్ళు పల్లానికి పారి, బడి గోడ అడుగున ఉన్న కన్నంలోకి పోయిన దారి ఎండి కనిపిస్తోంది. ఆ కన్నం అవతల ఏముందో నాకు తెలుసు. నాలుగు ఇటుకలు, ఒక సీసా. సోమవారం నేను చూసి దాటేసిన చార ఇదే. ఒక్క మనిషి చెబితే నమ్మను, ఇద్దరు చెబితే ఇద్దరూ కలిశారంటాను. ఇక్కడ మాత్రం చెప్పడానికి మనిషి లేడు. నేల చెబుతోంది.

"ఎంతసేపు కురిసింది?" అన్నాను.

"పది నిమిషాలు. కాలువ దాటి ఇటు ఈ నాలుగు కొంపలే తడిశాయి. మీ వైపు ఎండేనటగా? నీ పడుగు బతికిపోయింది పిన్నీ, గీత గట్టిది."

గీత గట్టిదట. వీధిలో అందరూ అన్నట్టు నా మాట గట్టిది కాదు.

ఆ చిలపల్లో ఒకటి తీసుకున్నాను. "దీన్ని అద్దొద్దు. ఇలాగే ఇవ్వు" అన్నాను. వాడు నన్ను అనుమానంగా చూశాడు. పోనీ, వాడికీ కొంచెం అంటనీ.

గురువారం నా రోజు కాదు. అయినా వెళ్ళాను. పంతులమ్మకు కూడా ముందు చెప్పలేదు, చెబితే మెత్తగా సర్దేస్తుందని. పిల్లల ముందు చిలప పట్టుకుని నిలబడ్డాను.

"ఈ మచ్చలు ఎలా వచ్చాయో చెప్పండి."

"నీళ్ళు పడ్డాయి మామ్మా!"

"ఏ నీళ్ళు?"

వాళ్ళను ఆవరణలోకి తీసుకెళ్ళి, గోడ కన్నం దగ్గర ఎర్ర చార చూపించాను. గోడ అవతల రంగులకొట్టు ఉందని వాళ్ళకు తెలుసు, అందరూ నేతవాళ్ళ పిల్లలే. వాళ్ళంతట వాళ్ళే కూడబలుక్కున్నారు. చివరికి, సోమవారం అందరికంటే గట్టిగా చప్పట్లు చరిచిన పిల్లాడు, "అయితే ఆదివారం ఇక్కడ వాన పడింది" అన్నాడు నెమ్మదిగా.

"పడింది. మన వీధిలో పడలేదు. ఇక్కడ పడింది. నేను తూర్పున మబ్బు చూశాను. చూసి కూడా మీకు చెప్పలేదు. ఈ అమ్మాయి చూసింది చూసినట్టు చెప్పింది. అబద్ధమాడింది నేను."

పిల్లలకు ఇలాంటివి అలవాటు ఉండదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పంతులమ్మ ఫోను తీయలేదు. ఆ ఒక్క పనికి ఆమెను నేను కొంచెం నమ్మాను.

డబ్బాలోంచి గొడుగు తీసి ఆ పిల్లకు ఇవ్వబోయాను. "తీసుకో. నీ గడిలో నువ్వే అంటించు."

చేతులు వెనక్కి కట్టుకుంది. "నేనంటించను. పీకించింది మీరేగా? మీరే అంటించండి."

"పెద్దదాన్ని అడుగుతున్నాను, తీసుకోవే."

"మళ్ళీ ఎవరన్నా అబద్ధమంటే? మీరు అంటిస్తే అనరుగా."

పంతులమ్మ ఏదో అనబోయింది. నేను వద్దన్నాను. ఆ పిల్ల చెప్పింది సబబే. సూర్యుణ్ణి ఊడదీశాను, గొడుగు అంటించాను. సుద్దముక్క కాదు, పెన్ను అడిగి తీసుకున్నాను. గొడుగు కింద నా వంకర అక్షరాలతో, అందరూ చూస్తుండగా, 'బడి దగ్గర వాన. మా వీధిలో లేదు' అని రాశాను. యాభై మూడో ఏట నేర్చుకున్న అక్షరాలు. ఇంతకు ముందు వాటితో ఎదుటివాళ్ళ తప్పులే పట్టుకున్నాను.

ఆ పిల్ల దగ్గరికి వచ్చి ఆ రాసింది వేలు పెట్టి చదివింది. ప్రతి అక్షరం. నేను సరిగ్గానే రాశానా లేదా అని. ఆ తర్వాత నావైపు చూసి, "మీ వీధిలో లేదని ఎలా తెలుసు? మీకు సీసా లేదుగా?" అంది.

అలా నా అరుగు మీదికి రెండో సీసా వచ్చింది. పంతులమ్మే కోసి గీతలు గీసి ఇచ్చింది. అట్ట మీద గళ్ళు ఇప్పుడు రెండు వరసలు. ఒకటి బడి, ఒకటి మామ్మ వీధి. నా వరస నేను చెప్పాలి. కానీ నేను చెబితే ఆ పిల్ల ఒప్పుకోదు. వాన పడిందంటే పొద్దున్నే, బడికి ముందే అరమైలు నడిచి మా వీధికి వస్తుంది, ఆదివారమైనా సరే. నా కొడుకు నవ్వుతాడు. "నీకు సరైన ఇన్‌స్పెక్టరు దొరికిందమ్మా" అంటాడు. నా కోడలు ఇడ్లీ పెడితే తింటుంది, కానీ ముందు సీసా చూశాకే.

మొన్న స్వాతి కార్తెలో తెల్లవారుజామున జల్లు పడింది. ఊరంతా పడిందో, మా వీధిలోనే పడిందో నాకు తెలియదు. తెలియని సంగతి తెలియదనడం ఈమధ్యే అలవాటవుతోంది. వీధి పంపు దగ్గర ఆడవాళ్ళు నీళ్ళు పట్టుకుంటుండగా ఆ పిల్ల వచ్చింది, చెప్పుల నిండా బురదతో.

"ఎంత మామ్మా?"

"మూడు గీతలు. పొద్దున్నే చూశాను."

వంగి సీసా చూసింది. మూడు గీతలే. అయినా పంపు వైపు ఒకసారి, నా చేతిలో చెంబు వైపు ఒకసారి చూసింది. సీసాలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. కళ్ళు చిట్లించి రుచి చూస్తూ నా మొహం చూసింది.

"ఉప్పగా లేదు" అంది చివరికి.

"క్యాన్ నీళ్ళేమో?" అన్నాను.

"మీ ఇంట్లో క్యాన్ లేదు. నేను అప్పుడే చూశా" అని, అరుగు మీద కూర్చుని, పుస్తకం తొడ మీద పెట్టుకుని రాసుకుంది. ఏం రాస్తోందో అని నేను వెనక నుంచి మెడ చాచాను. పుస్తకం మూసేయలేదు. నాకు కనపడేలా కొంచెం పక్కకు జరిపింది.

'మామ్మ వీధి. వాన. మూడు గీతలు. నేను చూశాను.'